థ్రాటిల్ పెట్టెలో పాత స్ప్రింగు

1983 ఆగస్టులో నన్ను సున్నిపెంట నుంచి నంద్యాలలోని కాలువల సబ్‌డివిజన్ వర్క్‌షాపుకు బదిలీ చేశారు. హోదా గ్రేడ్ వన్ మెకానిక్. నా పైన ఫోర్మన్, ఆయన పైన సెక్షన్ ఆఫీసరు, అందరికీ పైన డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన్ని మేం డీఈ గారు అనేవాళ్లం. సున్నిపెంటలో డ్యాము దగ్గర పదకొండేళ్లు టిప్పర్లు, డోజర్లు బాగుచేసినవాణ్ణి కాబట్టి నంద్యాలలో పని నాకు కష్టమనిపించలేదు. అయితే నేను చెప్పబోయేది ఆఫీసు బండి సంగతి కాదు. ఆఫీసులో అబ్బిన ఒక మంచి అలవాటు బయట ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన సంగతి.

నా భార్య సుగుణకు ఒక్కడే తమ్ముడు, దావీదు. ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడిపేవాడు. మా మామ మిషన్ బడిలో అయ్యవారు. కొడుకు పాస్టరు కావాలని ఆయన ఆశ. కొడుకుకేమో కార్బురేటర్ కనిపిస్తే ఆకలి కూడా గుర్తుండేది కాదు. లారీ గుద్దితే నుజ్జయిన చిన్న కారొకటి పాత ఇనుము కింద కొని, ఏడాదిన్నర కూర్చుని దాన్ని పందెం కారు చేశాడు. వెనక సీట్లు పీకేశాడు. లోపల ఇనుప పైపులతో పంజరం కట్టాడు. ఒక కార్బురేటర్ ఉండాల్సిన చోట రెండు పెట్టాడు. ఫిబ్రవరిలో మద్రాసు దగ్గర విమానాలు దిగని పాత రన్‌వే మీద జరిగే పందెంలో దాన్ని తోలాలని వాని పట్టుదల.

నన్ను తోడు రమ్మన్నాడు. కారు తోలేది తాను, థ్రాటిల్ సామాను మోసేది నేను. థ్రాటిల్ అంటే ఇంజనులోకి పోయే గాలిని తెరిచి మూసే చిన్న పలక. యాక్సిలేటర్ తొక్కితే కేబులు లాగి అది తెరుచుకుంటుంది. కాలు తీస్తే రిటర్న్ స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి మూస్తుంది. రెండు కార్బురేటర్లున్నప్పుడు రెండు పలకలూ ఒకే కడ్డీకి కట్టి ఉంటాయి కాబట్టి స్ప్రింగు మీద బరువు ఎక్కువ. స్ప్రింగు బలం చాలకపోతే కాలు తీసినా బండి ఆగదు. దారిలో ఇవేవీ దొరకవు. అందుకే కేబుళ్లు, కడ్డీని పలకకు కలిపే లింకు గోళీలు, పిన్నులు, స్ప్రింగులు అన్నీ ఒక రేకు పెట్టెలో మనమే మోసుకుపోవాలి. ఆ పెట్టె నా బాధ్యత అని ఒప్పుకున్నాను.

సుగుణకు ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టలేదు. నేను ఒప్పుకున్నానని తెలిసిన రోజు పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే చెప్పింది.

"నా తమ్మునికి ఏమన్నా అయితే నువ్వు గానీ నీ పానాలు రెంచీలు గానీ ఈ ఇంట్లోకి రావద్దు."

జనవరి మూడో ఆదివారం గోస్పాడు దగ్గర కారు తోలి చూద్దామనుకున్నాం. అక్కడ కాలువ గట్టు మీద కొత్తగా తారు వేసిన రోడ్డు ఉంది. ఇంకా బండ్లు వదల్లేదు. సెక్షన్ ఆఫీసరును అడిగి ఒక్క పూటకు అనుమతి తీసుకున్నాను. దావీదు పొద్దున్నే ఆరాధన ఎగ్గొట్టి ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా కారును ట్రాక్టరు ట్రాలీ మీద వేసుకుని వచ్చాడు.

మొదటిసారి పోయి వచ్చేసరికి రిటర్న్ స్ప్రింగు కొక్కెం సగం తెగి ఉంది. అది నేను వారం కిందటే వేసిన కొత్త స్ప్రింగు. తయారీలోనే లోపం ఉన్నదేదో పడి ఉంటుందని పెట్టె తెరిచి, నూనె కాగితంలో చుట్టిన ఇంకొకటి తీసి బిగించాను. చేత్తో లాగి వదిలితే పలక టక్కున మూసుకుంది. పొమ్మని చెయ్యి ఊపాను.

రెండోసారి కారు నన్ను దాటిపోయినప్పుడు చప్పుడులో తేడా తెలిసింది. మలుపు దగ్గర తగ్గాల్సిన ఇంజను తగ్గలేదు. దావీదు కాలు తీశాడు, పలక మూసుకోలేదు. బ్రేకు తొక్కితే కారు ఊగింది గానీ ఆగలేదు. చివరికి స్విచ్చి కట్టేశాడు. అప్పటికే మలుపు దాటిపోయింది. కారు గట్టు దిగి జొన్నచేనులో పడి, నల్లమట్టిలో ఇరుసుదాకా దిగబడి నిలిచింది. నేను పరుగెత్తిన ఆ రెండు ఫర్లాంగులూ ఏ దేవుణ్ణి ఏమడిగానో నాకే తెలియదు.

దావీదు తనంతట తానే బయటికి వచ్చాడు. పెదవి చిట్లింది, ఎడమ మణికట్టు వాచింది. అంతకు మించి ఏమీ లేదు. చేను గలాయన ఓబులేసు కంకులు కోస్తున్నవాడు కొడవలితోనే వచ్చి మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఏందప్పా, రోడ్డు ఆడుంటే చేన్లో తోల్తాండారు?"

ఆయనే మళ్లీ నీళ్లు తెచ్చి దావీదు మూతి కడిగించి, ఎద్దులు కట్టి కారును గట్టు మీదికి లాగించాడు.

ఆలోపు నేను బానెట్ ఎత్తి స్ప్రింగు ఊడదీశాను. పెట్టెలో ఉన్న ఇంకో స్ప్రింగు పక్కన పెట్టి చూశాను. నేను వేసింది వేలి గోరంత పొడుగు ఎక్కువ. అది కొత్తది కాదు. బలం తగ్గిందని వారం కిందట నేనే విప్పేసిన పాత స్ప్రింగు. నిలబడి ఉన్నప్పుడు పలకను మూయగలిగింది. ఇంజను వేడెక్కి, రెండు పలకలూ పూర్తిగా తెరుచుకున్నాక లాగలేకపోయింది.

పాతది కొత్తవాటి పెట్టెలోకి ఎట్లా వచ్చిందో ఇక్కడ చెప్పాలి. ప్రభుత్వ వర్క్‌షాపులో కొత్త సామాను ఊరికే ఇవ్వరు. సామాను కావాలని ఇండెంటు రాసి, సంతకం చేయించి, విప్పిన పాతది స్టోర్ కీపరు బల్ల మీద పెడితేనే కొత్తది చేతికి వస్తుంది. పాతది పోతే ఆ లోటు మన పేరు మీద పడుతుంది. అందుకని మా మెకానిక్కులు కొత్త సామాను కన్నా పాతదాన్ని భద్రంగా, ఇంటికొచ్చిన అల్లుడిలాగా చూసుకుంటారు. తుడిచి, నూనె పూసి, కాగితం చుట్టి పెట్టెలో పెట్టడం పదకొండేళ్లుగా నా చేతికి అలవాటు. దావీదు షెడ్డులో కూడా నా చెయ్యి అదే పని చేసింది. నేను గమనించనేలేదు.

దావీదు గట్టు మీద కూర్చుని తననే తిట్టుకుంటున్నాడు. కేబులు తానే బిగించాడు కాబట్టి అది ఇరుక్కుని ఉంటుందని, తప్పంతా తనదేనని అంటున్నాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చినందుకు ఈరోజుకీ సిగ్గుపడతాను. తర్వాత స్ప్రింగు తెచ్చి వాని చేతిలో పెట్టాను.

"కేబులు కాదు దావీదూ. నేను పాత స్ప్రింగు ఏసినా."

"పాతది పెట్టెలో యాడిది?"

"నేనే దాచిపెట్టినా."

వాడు స్ప్రింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం లేదు వాని గొంతులో.

"ఎవురికి అప్పజెప్పాలని దాచినావు బావా?"



ఇంటికి వెళ్లి సుగుణకు నేనే చెప్పాను. తలుపు వేస్తుందనుకున్నాను. వేయలేదు. తమ్ముని మణికట్టుకు పసుపు పట్టువేసి, పందెం మాట మానుకోమని ఇద్దరికీ చెప్పింది. దావీదు మానుకోనన్నాడు. అక్కడ నేనూ వాని పక్షమే నిలబడ్డాను. కారులో లోపం లేదు, లోపం నా పెట్టెలో ఉంది, దాన్ని సరిచేసే దాకా నిద్రపోను అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. అడ్డమూ రాలేదు.

మిగిలిన రోజులు డ్యూటీ దిగగానే ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. ఒక్కో పలకకు రెండేసి స్ప్రింగులు పెట్టాను. ఒకటి తెగినా రెండోది లాగాలి. ప్రతి స్ప్రింగుకూ తూకం రాయి వేలాడదీసి, ఎంత సాగుతుందో, తీశాక ఎంత వెనక్కి వస్తుందో సుద్దతో గోడ మీద గీత గీశాను. గీత దాటిందాన్ని, బండి నుంచి విప్పినదాన్ని అప్పటికప్పుడే ఉలితో రెండు ముక్కలు చేశాను. మంచివాటిని ఏది దేని తర్వాత కావాలో ఆ వరసలో తీగకు గుచ్చి పెట్టెలో కట్టాను. మణికట్టు కుదురుకున్నాక దావీదు అదే కాలువ గట్టు మీద ఇరవైసార్లు తోలాడు. నేను మలుపు దగ్గరే నిలబడ్డాను. ఇరవైసార్లూ ఇంజను తగ్గాల్సిన చోట తగ్గింది.

మద్రాసులో పందెం ముందు జరిగిన సాధనలో లింకు గోళీ ఒకటి ఊడిపోయింది. పెట్టె తెరిచి చెయ్యి పెడితే కావాల్సింది మొదటే తగిలింది. దావీదు పందెం పూర్తి చేశాడు. ఆరో స్థానం. బహుమతి లేదు. వాడు కారు దిగి తన కాళ్ల మీద నడిచి వస్తుంటే నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నంద్యాలకు వచ్చాక ఆఫీసులోనూ అదే పని మొదలుపెట్టాను. విప్పిన ప్రతి భాగాన్నీ ముక్కలు చేసి స్టోరుకు అప్పజెప్పాను. ఒక నెల గడవకముందే మెమో వచ్చింది. ప్రభుత్వ సొత్తును ధ్వంసం చేస్తున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు అని. జవాబు రాయకుండా నేరుగా డీఈ గారి గదికి వెళ్లాను. ఆ పూట టిప్పర్ నుంచి విప్పిన స్ప్రింగు ఒకటి, స్టోరు నుంచి తెచ్చిన కొత్తది ఒకటి, పొడుగులో తేడా లేని ఆ రెంటినీ తుడిచి ఆయన బల్ల మీద పెట్టాను. వీటిలో కొత్తది ఏదో చెప్పండి సార్ అని అడిగాను. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసున్న ఇంజనీరు. రెండూ తీసుకుని, వేళ్లతో లాగి, కిటికీ వెలుగులో పెట్టి చూసి, పాతదాన్ని నా వైపు జరిపారు.

"ఇది కొత్తది."

అది టిప్పర్‌దని చెప్పాను. ఆయన మెమో వెనక్కి తీసుకున్నారు. ముక్కలు చేసినా లెక్కకు ఒకటిగానే స్వీకరించాలని స్టోరుకు ఉత్తర్వు రాశారు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు పనిచేసి ఫోర్మన్‌గా రిటైరయ్యాను. ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. అరిగిన భాగాన్ని కన్ను పట్టలేదు, చెయ్యి పట్టలేదు, అనుభవమూ పట్టలేదు. బండి తోలేవాని ప్రాణమే దాన్ని పట్టుకుంటుంది. అక్కడిదాకా పోనివ్వకుండా, విప్పిన చోటే విరిచేయాలి.