అంతర్వేది మొగలో ఓడ పడ్డ చోటు

నాకు నీళ్ళంటే భయం. గోదావరి జిల్లాలో పుట్టి ఇలా చెప్పుకోవడం సిగ్గుచేటే గానీ, అబద్ధమాడి ఏం లాభం? పుష్కరాలకి వెళ్ళినా మోకాలు దాటి దిగను, చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేస్తాను. అలాంటివాణ్ణి సముద్రపు మొగలోకి నావ మీద వెళ్ళేనంటే దానికి కారణం మా మేనత్త కామేశ్వరమ్మగారు. దివిసీమని ముంచేసిన తుఫాను వెళ్ళిన మూడు నెలలకి, డెబ్భై ఎనిమిదిలో, మాఘమాసం చివర ఓ సాయంత్రం ఆవిడ కొత్తపేటలో మా అరుగు మీద కూర్చుని, "ఒరే రామం, నన్ను అంతర్వేది తీసుకెళ్ళు" అంది. తీర్థం అయిపోయింది కదా, ఇప్పుడు అక్కడేముంది అన్నాను. "తీర్థానికి కాదురా. ఓడ పడ్డ చోటికి" అంది.

ఆ ఓడ సంగతి చెప్పాలి. మా తాతగారు రంగూన్‌లో కలప అడితిలో గుమాస్తా. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి సముద్రం దాటేరని ఊళ్ళో ఆయన్ని వెలేసినంత పని చేసేరట. ఇక్కడ ఇంటి దగ్గర మా నాయనమ్మ కడుపులో అత్తయ్య ఉండగా, పురిటి వేళకి ఇంటికి అందుకోవాలని, స్టీమరులో చోటు దొరక్క, టేకు దుంగలు మోసుకొస్తున్న తెరచాప ఓడ ఎక్కేరు. సముద్రమంతా క్షేమంగా దాటి వచ్చి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలి తిరగబడి, ఇసకమేట తగిలి ఓడ పడిపోయింది. ఇంటి గుమ్మంలోకొచ్చి మునిగిపోయేరన్నమాట. శవం దొరకలేదు. అప్పటికి మా నాన్నకి మూడేళ్ళు. తండ్రి కండువా వాసన తనకి గుర్తుందని నాన్న చెప్పేవాడు. అత్తయ్యకి అదీ లేదు. అందుకే ఆయన ప్రసక్తి వస్తే ఆవిడ "అన్నయ్య వాళ్ళ నాన్నగారు" అనేది, తనకేమీ కానట్టు. మేం బుద్ధిలేక నవ్వేవాళ్ళం.

"అరవై ఆరేళ్ళొచ్చేయి. నాన్నా అని ఒక్కసారి కూడా ఎవర్నీ పిలవలేదురా. చూపు కూడా మసకబారుతోంది. ఆ నీళ్ళ మీద నిలబడి ఒక్కసారి పిలిచి వచ్చేస్తాను" అంది ఆ సాయంత్రం. సరేనన్నాను. రాత్రంతా నిద్ర రాలేదనుకోండి, అది వేరే సంగతి.

తెల్లారి అయిదున్నర బస్సుకి కొత్తపేటలో ఎక్కేం. అంబాజీపేటలో బస్సు పది నిమిషాలు ఆగితే దిగి, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు నాలుగు పొట్లం కట్టించుకున్నాను. అత్తయ్య బయటి తిండి ముట్టదు, ఆవిడకి అరటిపళ్ళే. గన్నవరం అక్విడెక్టు దాటి, నగరం, తాటిపాక మీదుగా రాజోలు చేరేసరికి ఎనిమిదైంది. ఇద్దరికీ టిక్కెట్లు అయిదు రూపాయల లోపే అయ్యేయి. అక్కణ్ణించి మలికిపురం మీదుగా అంతర్వేదికి ఇంకో బస్సు. అది దారిలో రెండుసార్లు మొరాయించింది. పదింటికి దింపేడు. గుడి దగ్గర్నించి పల్లెకారుల పేటకి ఇసకలో నడక. అత్తయ్య నాకన్నా ముందు నడిచింది. సగం దూరంలో దిబ్బ మీద వేళ్ళతో సహా పెకలించుకుపోయిన పెద్ద తాడిచెట్టు అడ్డంగా పడి ఉంటే, ఆ మాను మీద చతికిలబడి పొట్టిక్కలు తిన్నాను. తుఫాను పడగొట్టినట్టుంది పాపం అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పేటలో మాకు దొరికిన నావ సత్తెయ్యది. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. తుఫానులో నావ పగిలితే ఓడలరేవులో అత్తారింటి దగ్గరుండి బాగుచేయించుకుని, ముందురోజు చీకటి పడ్డాకే ఊరు చేరేడట. ఓడ పడ్డ చోటంటే మొహం చిట్లించేడు. "ఆ పక్కకి మేం ఎల్లమండి బాబుగారూ. వలలు చిరిగిపోతాయి. మా తాత చెప్పీవోడండి, ఆ ఓడలోంచి పదిరోజుల దాకా దుంగలు కొట్టుకొచ్చేయట, మనిషన్నవోడు ఒక్కడు రాలేదట." నాకు అక్కడే వెనక్కి తిరిగిపోవాలనిపించింది. అత్తయ్య మాత్రం, "నాయనా, ఆ రానివాళ్ళలో ఒకాయన కోసమే వచ్చేను" అంది. అతను తెడ్డు అందుకుని, "ఆయ్, రండమ్మగారూ" అన్నాడు. ఇరవై రూపాయలకి కుదిరింది.

మొగ దాటుతుంటే నావ ఊపుకి నా ప్రాణాలు పైపైనే పోయేయి. అటు గోదావరి తేటనీళ్ళు, ఇటు సముద్రం నల్లనీళ్ళు, రెండూ కొట్టుకునే చోట తెల్లటి నురగ. నేను కళ్ళు మూసుకుని నృసింహస్వామి నామాలు చదువుతుంటే సత్తెయ్య తన పద్ధతి చెప్పుకొచ్చేడు. ఓడ నీళ్ళ కింద ఎక్కడుందో కనపడదు. ఒడ్డు వైపు తిరిగి చూస్తే గుడిగోపురమూ, దిబ్బ మీద తాడిచెట్టూ కనిపిస్తాయి. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేయంటే ఓడ సరిగ్గా మన కింద ఉన్నట్టు. అక్కడ వల వెయ్యరు, లంగరు అసలే వెయ్యరు. "మనం ఈ పక్కనే ఆగుదారండి. చెట్టు గోపురానికి బాగా ఎడంగా ఉంది సూడండి, భయం లేదు" అని లంగరు వదిలేడు.

సత్తెయ్య అత్తయ్యని నావ ముక్కు దగ్గర కూర్చోబెట్టేడు. నేను తర్పణం విడిచేను. నువ్వులు నీళ్ళలో కంటే నా పంచె మీదే ఎక్కువ పడ్డాయి. "ఇంక పిలు అత్తయ్యా" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు కదిలేయి, మళ్ళీ మూసుకుంది. ఊళ్ళో అందర్నీ నోటితోనే గెలిచే మనిషి, కొత్త బళ్ళో చేరిన పిల్లలా తల దించుకుంది. "అలవాటు లేదురా. రావట్లేదు" అంది. సముద్రం మీద గాలి లేచింది. సత్తెయ్య ఆకాశం చూసి, "పోటు తగిలిందండి, ఎల్లిపోదారి" అని లంగరు మోకు లాగేడు.

అది రాలేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగేడు. రాలేదు. అప్పుడతను ఒడ్డు వైపు తిరిగి చెయ్యి అడ్డంపెట్టుకుని చూసేడు. "బాబోయ్, అది మా చెట్టు కాదండి. మా చెట్టు ఏదండి? అది పక్కదండి!" నాకు పొద్దున్న నేను కూర్చుని తిన్న మాను గుర్తొచ్చింది. అతను పాత చెట్టనుకుని పక్క చెట్టుని చూసి లంగరు వేసేడు. ఓడ మా కిందే ఉంది. లంగరు దాని పక్కటెముకల్లో ఇరుక్కుంది.

పోటుకి నీళ్ళు పైకి లేస్తుంటే నావ లేవాలి కదా. మోకు లేవనివ్వలేదు. కెరటం వచ్చినప్పుడల్లా నావ ముక్కు కిందకి గుంజుకుపోయి, నీళ్ళు లోపలికి దూకేయి. సత్తెయ్య నా చేతికో రేకుడబ్బా ఇచ్చి "తోడండి, తోడండి" అని అరిచేడు. నేను ఏడుస్తూ తోడేను. అవును, ఏడ్చేను. నా పిల్లలు కళ్ళముందు కనిపించేరు. మా తాతగారికి కూడా ఆఖర్న ఇలాగే ఉండి ఉంటుందని తోచి మరీ భయమేసింది. డబ్బా నిండా తోడితే రెండు డబ్బాలు లోపలికొస్తున్నాయి.

సత్తెయ్య నడుములోంచి కత్తి తీసేడు. అప్పుడు చూసేం, అత్తయ్య ముందుకి వంగి ఆ మోకుని రెండు చేతులా పట్టుకుంది. అది బిగిసి గజగజలాడుతోంది. "చేతులు తియ్యండమ్మగారూ! తెగితే మిమ్మల్నీ లాక్కుపోద్ది!" ఆవిడ తియ్యలేదు. "లాగుతున్నారురా రామం," అంది నా వైపు తిరక్కుండా, "ఆ కొస పట్టుకుని లాగుతున్నారు." నేను పాక్కుంటూ వెళ్ళి వేళ్ళు విప్పబోయేను. విడిపోలేదు. ఇంకో కెరటం మా ఇద్దరి నెత్తిన పడింది. ముగ్గురం అయిపోయేమనుకున్నాను.

అప్పుడు వచ్చింది మాట. "నాన్నా!" ఎంత గట్టిగానో. నాకు ఆవిడ గొంతని అనిపించలేదు. "నాన్నగారండీ, నేనండీ, కడుపులో ఉన్న పిల్లని. వచ్చేనండీ." ఊపిరి తీసుకుని, మెల్లిగా, ఇంట్లో మాట్లాడుతున్నట్టు అంది. "మీ మనవడికి ఈత రాదండీ. ఇంక మమ్మల్ని వెళ్ళనివ్వండి." చేతులు తనే తీసేసింది. సత్తెయ్య కత్తి వేసేడు. నావ ఒక్క ఎగురు ఎగిరి పక్కకి తిరిగింది.

ఒడ్డున పడ్డాక నేను ఇసకలో బోర్లా పడుకుని చాలాసేపు లేవలేదు. అత్తయ్య అరచేతులు తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. సత్తెయ్య "నాదే తప్పండి, సెట్టు సూసుకోపోవడం" అని చెంపలు వేసుకున్నాడు. లంగరుకీ మోకుకీ ఖరీదు ఇస్తానంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒద్దండి. ఆ కొస అమ్మగారి నాన్నగారి దగ్గిర ఉండనివ్వండి." మూడింటి బస్సుకి బయల్దేరి, తడిబట్టలు ఒంటిమీదే ఆరుతుండగా ఇల్లు చేరేం.

ఆ భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. కలలో ఆ నావ ముక్కు కిందకి గుంజుకుపోతూంటుంది, లేచి కూర్చుంటాను. అయినా ఆ ప్రయాణం చెయ్యకపోతే బాగుండేదని మాత్రం అనలేను. ఇప్పుడు అంతర్వేది వెళ్ళడం తేలికే, మొగ చూపించే నావలూ దొరుకుతాయి. ఉదయం పోటు తగలక ముందే వెళ్ళి వచ్చేయండి. సరంగు లంగరు దింపేముందు, గుర్తుగా చూస్తున్న చెట్టు పాతదేనా అని అడగండి. దారిలో పడిపోయిన చెట్టేదైనా కనిపిస్తే, చిన్న విషయమే కదా అనుకోకుండా అతనికి చెప్పండి. నేను చెప్పలేదు. అత్తయ్య దాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. ఇంటికొచ్చిన మర్నాడు పక్కింటావిడ చేతులకేమైందండీ అని అడిగితే, "మా నాన్నగారిని చూడ్డానికి వెళ్ళేనండీ" అని చెప్తూండగా విన్నాను.