మోకాలు, మడమ, మా వదినగారు

మొన్న సాయంత్రం సెంగ్‌కాంగ్‌లో వాళ్ళ బ్లాకు కింద మా మనవరాలు స్కూటర్ మీంచి పడింది. పిల్లలు ఒంటికాలితో నెట్టుకుంటూ పోతారే, ఆ స్కూటరు. "కాలికి దెబ్బ తగిలిందా తల్లీ" అని వంగి చూడబోయాను. "లెగ్ కాదు అమ్మమ్మా, షిన్. ఐ కెన్ డూ మైసెల్ఫ్ లా" అని, ఇక్కడివాళ్ళ పద్ధతిలో మాట చివర ఒక 'లా' తగిలించి, నా చేతిలో దూది లాక్కుని తనే తుడుచుకుంది. ఆరేళ్ళ పిల్ల. దానికి నేను ఇంగ్లీషు నేర్పక్కర్లేదు, నిజమే. కానీ నాకు షిన్ అంటే ముంగాలి ఎముక అని తెలియదని అది అనుకుంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాట దానికంటే ముందు నేనూ, జర్మనీ నుంచి వచ్చిన దాని నాయనమ్మా కలిసి నేర్చుకున్నాం. అదీ దాని కోసమే, అది పుట్టిన కొత్తలో, స్నానాల గది గచ్చు మీద కూర్చుని.

మా అమ్మాయి ఈ ఊళ్ళోనే, టాంపినీస్‌లో పెరిగింది. చదువుకునేచోట ఒక జర్మన్ అబ్బాయిని తనే చూసుకుంది. అబ్బాయి బుద్ధిమంతుడు, ఆవకాయ తింటాడు, నన్ను అత్తయ్యగారూ అని నోరారా పిలుస్తాడు, కాబట్టి మాకేమీ పేచీ లేకపోయింది. పురిటికి సాయంగా నేను మూటాముల్లెతో సెంగ్‌కాంగ్ చేరిన కొద్ది రోజులకే వాళ్ళమ్మగారూ దిగారు. వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకోవడం మన పద్ధతి కదా, గుమ్మంలోనే నేను "రండి వదినగారూ" అన్నాను. ఆవిడ అదేదో మా నమస్కారం అనుకుని, నాకూ తలవంచి "వదినగారూ" అంది. ఇద్దరికీ సరిపోయింది. అక్కణ్ణించి మాటలు ముందుకి సాగలేదు. ఆవిడ చిన్నప్పుడు తూర్పు జర్మనీ బళ్ళలో రష్యన్ నేర్పేవారట, ఇంగ్లీషు నేర్పలేదట. నాదేమో ముప్ఫై ఏళ్ళుగా మార్కెట్లోనూ బస్సుల్లోనూ అరగదీసిన ఇంగ్లీషు. చేపల దుకాణంలో బేరానికి పనికొస్తుంది గానీ, వియ్యపురాలి మనసులో ఏముందో కనుక్కోవడానికి ఏం పనికొస్తుంది?

వదినగారు పొడుగు మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లని జుట్టు, ఊళ్ళో సైకిలు తొక్కి తొక్కి గట్టిపడిన కాళ్ళు. కుడిచెయ్యి మాత్రం వణికేది. ఆ జబ్బు సంగతి అల్లుడు మాకు ముందే చెప్పాడు. కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని తాగేది. పాప తొట్టె పక్కన కుర్చీ వేసుకుని గంటలకొద్దీ చూసేది, అరికాలికి వేలు ఆనించి తీసేసేది, అంతే. ఎత్తుకునేది కాదు. జారవిడుస్తానని భయం. అల్లుడు పాపని తెచ్చి, "నువ్వు కూర్చో అమ్మా, నేను కింద చేతులు పెడతా" అని వాళ్ళ భాషలో అన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపేది. కొడుకు కాపలా ఉండగా మనవరాలిని ఎత్తుకోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. నెలాఖరుకి తిరుగు ప్రయాణం. మళ్ళీ ఎప్పుడొస్తుందో, వచ్చేసరికి ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. "అంత దూరం నుంచి వచ్చి, ఒక్కసారైనా క్యారీ చెయ్యకుండా వెళ్ళిపోతుందేమో అమ్మా" అని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బాలింత ఏడిస్తే నాకు ముద్ద దిగదు.

పాపకి బొడ్డు ఊడిన దగ్గర్నించి నేనే కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసేదాన్ని. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు కాకినాడ నుంచి టాంపినీస్ వచ్చి నాకు నేర్పిన విద్య అది. మన సరుకులు దొరికే తేక్కా బజార్లో కొన్న నువ్వులనూనె, సున్నిపిండి, చివర్లో చిటికెడు సాంబ్రాణి. ఆ సాంబ్రాణికి ఫ్లాటులో పొగ గంట మోగుతుందని అల్లుడు ఫ్యాను తెచ్చి పెట్టేవాడు, పాపం. వదినగారు రోజూ గుమ్మంలో నిలబడి ఈ తతంగమంతా చూసేది. ఒకరోజు పాప వీపు రుద్దుతూ తలెత్తితే ఆవిడ కళ్ళు కనిపించాయి. ఆకలితో ఉన్నవాళ్ళు విస్తరి వైపు చూసినట్టు చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. ఈ స్నానంలో పిల్లని మోసేవి కాళ్ళు. చేతులు ఊరికే రుద్దుతాయి. వణికితే వణకనీ.

సరే, చెప్పడం ఎలా? ఫోన్లో అనువాదం ఉంటుంది కదా అంటారు మీరు. నూనె చేతులతో ఫోను ఎవరు పట్టుకుంటారు? కొడుకుని పిలుద్దామంటే ఆవిడ పెదవుల మీద వేలు పెట్టి, వద్దంది. దాంతో ముట్టుకుని చెప్పుకోవడమే మిగిలింది. హ్యాండ్, ఆర్మ్, ఫింగర్ వాళ్ళ భాషలోనూ అవేనట. ఒక్కొక్కటి సరిపోతున్నకొద్దీ ఆవిడకి చిన్నపిల్లలా నవ్వు. మోకాలుకి కూడా పెద్ద తేడా లేదు, ముందున్న 'క'ని కూడా పలికి "క్నీ" అనేది, నేనూ అలాగే అనేశాను. మోకాలు దిగాక మాత్రం ఇద్దరి సరుకూ అయిపోయింది. డాక్టరు దగ్గర నేను ఎప్పుడూ లెగ్ పెయిన్ అని వేలితో చూపించే రకం. పిక్కకీ మడమకీ చీలమండకీ విడివిడిగా ఇంగ్లీషు ఉంటుందని ఎప్పుడూ పట్టించుకోలేదు. భోజనాల దగ్గర మా అమ్మాయిని రోజుకొకటి అడగడం మొదలుపెట్టాను. మడమని ఏమంటారే? హీల్. మర్నాడు చీలమండ, యాంకిల్. ఆ మర్నాడు పిక్క, కాఫ్. ముంగాలి ఎముక దగ్గరికి వచ్చేసరికి అది షిన్ అని చెప్పి, చెంచా పక్కన పెట్టి, "నీకు కాలంతా నొప్పిగా ఉందా అమ్మా? చెప్పకుండా దాస్తున్నావా?" అంది. వద్దంటున్నా వినకుండా క్లినిక్‌లో నా పేరు రాయించింది.

మొదట పాపతో మొదలుపెట్టేంత ధైర్యం మా ఇద్దరికీ లేదు. మార్కెట్‌కి వెళ్ళి పాపంత బరువున్న బూడిద గుమ్మడికాయ ఒకటి తెచ్చాను. పీట మీద వదినగారిని కూర్చోబెట్టడమే పెద్ద యజ్ఞమైంది. ఆవిడ నేలకి దగ్గరగా కూర్చుని ఎన్నేళ్ళయిందో. పీట కదులుతోందని వాళ్ళ భాషలో దాన్ని తిట్టింది. ఆడలేక మద్దెల ఓడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. "క్నీ క్లోజ్ వదినగారూ. యాంకిల్ ఓపెన్. హీల్ డౌన్" అని నేను చెప్తుంటే, ఆవిడ ఒక్కొక్క మాటా తిరిగి అంటూ కాళ్ళు సర్దుకునేది. రెండు కాళ్ళ మధ్య పల్లం కుదిరింది. కాయకి నూనె రాశాం, సున్నిపిండి పెట్టాం, నీళ్ళు పోశాం. ఒకసారి చెయ్యి బాగా వణికి కాయ జారబోయింది గానీ కాళ్ళు వదల్లేదు. అది చూసి ఆవిడ నా వైపు తిరిగింది. ఆ మొహంలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి తలుపు తోసింది. నలుగు పెట్టించుకుంటున్న గుమ్మడికాయనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "సో దిస్ ఈజ్ ద లెగ్ పెయిన్ లా" అని నవ్వుతూ గోడకి జారబడిపోయింది. సాయంత్రం ఆ కాయని దప్పళం పెట్టాను. ఏమీ తెలియని అల్లుడు బాగుందని మారు వడ్డించుకున్నాడు.

శనివారం పొద్దున్న పాపని వదినగారి కాళ్ళ మీద వేశాను. నీళ్ళు నేను పోశాను, రుద్దడం ఆవిడ. నాలుగు రోజులుగా పోగుచేసుకున్న మాటలన్నీ నెమ్మదిగా అంటూ ఒక్కొక్క చోటా చెయ్యి వేసింది. హెడ్, నోస్, చిన్, షోల్డర్. గుళ్ళో అర్చన చేసేటప్పుడు నామానికొక పువ్వు వేస్తారే, అలాగ. చెయ్యి పొట్ట మీదికి వచ్చేసరికి వణుకు ఎక్కువైంది. ఆవిడ భయపడి తీసేయబోతే నేను పట్టుకుని అక్కడే ఉంచాను. పాప ఏడుపు ఆపింది. ఎవరో సన్నగా జోకొడుతున్నట్టుంది కాబోలు, కళ్ళు మూతలు పడ్డాయి. అలికిడికి అల్లుడు వచ్చి, తల్లిని చూసి, చేతులు చాచి గబుక్కున ముందుకి రాబోయాడు. మా అమ్మాయి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అతను గుమ్మంలోనే చతికిలబడి మొహం అవతలికి తిప్పుకున్నాడు. వదినగారు ఏడవలేదు. "హీల్," అంది చివరికి, మడమ చిన్నగా నొక్కి. నాకే ఏడుపొచ్చింది, నీళ్ళు పోస్తున్నాను గనక ఎవరికీ తెలియలేదు. ఆ తరవాత ఆవిడ వెళ్ళేదాకా పాప స్నానం ఆవిడదే.

మళ్ళీ ఆవిడ వచ్చేసరికి పాపకి మూడేళ్ళు. వచ్చిన మర్నాడే పీట వేసుకుని, క్నీ, యాంకిల్, హీల్ అన్నీ సరిచూసుకుని, కాళ్ళు బారజాపుకుని పిలిచింది. పాప తలుపు సందులోంచి తొంగి చూసి, "ఐ వాంట్ షవర్" అని పారిపోయింది. మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక కూడా ఆవిడ కాళ్ళు ముడుచుకోలేదు, నేను పక్కనే కూర్చుండిపోయాను. మందులు పనిచేసి ఆవిడ చెయ్యి ఇప్పటికీ అప్పుడెంత వణికేదో అంతే వణుకుతోంది. ఆ చెయ్యి ఇంకా చెడకుండా ఎన్నాళ్ళు ఆగుతుందోనని పాప పుట్టిన నెలంతా రోజులు లెక్కపెట్టుకున్నాం గానీ, చెయ్యి ఆగింది. ఆగనిది పాప పసితనమేనని మాకెవరికీ తోచలేదు.