వాసన తెలియని వంటిల్లు

మా వీధి చివర, చెరకు తోటలు మొదలయ్యే చోట ఒక బెల్లం గానుగ ఉంది. చలికాలంలో అక్కడ పెనం కింద మంట వేశారంటే చెరకు రసం ఉడికే వాసన మా ఇళ్ళన్నిటిలోకీ వచ్చేస్తుంది. తలుపులు వేసుకున్నా ఆగదు. ఆరేసిన తువ్వాళ్ళకు కూడా పడుతుంది. అలాంటి ఒక ఉదయం మా అక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్నడిగింది.

"ఏట్రా, ఈ యేడు గానుగ ఇంకా పెట్టినట్టు లేదు?"

పెట్టి అప్పటికి వారమైంది. ఆ మాటే చెప్పాను. "ఓహో, పెట్టేరా" అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. నేను ఇంటికొచ్చి ఆ సంగతి డైరీలో రాసుకున్నాను. అందులో వింతేదో ఉందని కాదు. భూసార పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతిదీ రాసిపెట్టడం అలవాటు. రిటైరయ్యాక మట్టి పోయింది, రాయడం మిగిలింది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. నా భార్య పోయిన దగ్గర్నుంచీ నా మధ్యాహ్న భోజనం అక్క దగ్గరే.

నాలుగు రోజుల తరవాత భోజనానికి వెళుతుంటే వీధిలోకే మాడు వాసన కొట్టింది. లోపలికి పరిగెత్తాను. పొయ్యి మీద పప్పు బొగ్గయిపోతోంది. దానికి రెండు బారల దూరంలో అక్క పీట మీద కూర్చుని నిశ్చింతగా కొబ్బరి కోరుతోంది.

"అక్కా, పప్పు మాడతంది!"

ఉలిక్కిపడింది. వెంటనే సర్దుకుంది. "తెలుసు. కాసింత మాడితేనే రుసి."

"అడుగంటా మాడిపోయింది. నీకు వాసన రాట్లేదా?"

"నా ముక్కుకేటొచ్చింది? దుక్కలా ఉంది. వాసన రాకపోతే ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెలా వస్తన్నాయి? మిరపకాయలు వేయిస్తే దగ్గెలా వస్తంది? సెప్పు, పెద్ద ల్యాబు మనిషివి కదా!"

నా డైరీలో చివరి పేజీలు తెలియని సంగతుల కోసం వదిలేస్తాను. స్నానం ఎక్కువసేపు చేస్తే వేళ్ళు ఎందుకు ముడతలు పడతాయి, ఆవలింత ఒకరి నుంచి ఒకరికి ఎందుకు అంటుకుంటుంది, ఇలాంటివి. అక్క ప్రశ్న కూడా అక్కడే రాశాను. రాస్తూ పాత పేజీలు తిరగేశాను. వానాకాలంలో అక్కకు గట్టిగా జలుబు చేసి పది రోజులు పడుకుంది. అది ఉంది. ఆ తరవాత పేజీల్లో నా చేతిరాతే: "చారులో ఇంగువ ఘాటు ఎక్కువ." "పెరుగు పులిసిపోయింది, అక్క చూసుకోలేదు." "నెయ్యి మాడింది." "మళ్ళీ ఇంగువ." నాలుగు చోట్ల వంటకు వంకలు పెట్టాను. ఒక్కచోట కూడా ఎందుకని అడగలేదు.

మర్నాడు ఒకే రకం స్టీలు డబ్బాలు ఐదు పట్టుకెళ్ళాను. నాలుగింటిలో ఇంగువ, కాఫీపొడి, లవంగాలు, కొబ్బరినూనె. ఐదోది ఖాళీ. మట్టి పరీక్షలోనూ ఏమీ కలపని గొట్టం ఒకటి పక్కన పెట్టేవాళ్ళం. అక్క కళ్ళకు తువ్వాలు కట్టాను.

"కళ్ళకి గంతలు కట్టి ఎక్కడికి తోలుకెళ్తావురా, గానుగెద్దునా?" అని నవ్వింది. ఇంగువ పెడితే కాఫీ అంది. కాఫీ పెడితే నూనె అంది. ఖాళీ డబ్బా పెట్టినప్పుడు మాత్రం గట్టిగా పీల్చి, "లవంగం. ఇది లవంగమే" అంది.

నేను ఆ డబ్బాను ఆవిడ చేతిలో పెట్టాను. లోపల వేలు పెట్టి తడిమింది, ఏమీ తగల్లేదు. తువ్వాలు విప్పుకుని కాసేపు ఒళ్ళో మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.

"ఆ జలుబు కాడ్నించేరా. పోపు సప్పుడు బట్టి సేస్తన్నాను. నెయ్యి బుడగలు సప్పుడు ఆగితే దించేస్తన్నాను. ఉప్పూ పులుపూ నాలిక్కి తెలుస్తన్నాయి. మిగతాదంతా గడ్డి తిన్నట్టే." తరవాత నా చెయ్యి పట్టుకుంది. "ఆ గుంటకి సెప్పకు. తెలిసిందంటే తెల్లారేసరికి బండి కట్టించుకొచ్చేస్తాది."

ఆ గుంటకు నలభై దాటాయి. అక్క ఒక్కగానొక్క కూతురు, గాజువాకలో ఉంటుంది. మూడో అంతస్తు. రెండేళ్ళుగా "అమ్మా, వచ్చేయ్" అంటోంది. మంచి పిల్ల. అక్కకు ఆ ఇంటి మీద కోపం లేదు. అక్కడి వంటింట్లో తను చుట్టం అన్నదే ఆవిడ బాధ.

ముందు డాక్టరుకు చూపిద్దామని అనకాపల్లి తీసుకెళ్ళాను. ముక్కు డాక్టరు చిన్న వయసువాడు, ఓపిక ఉన్నవాడు. అక్క కూర్చుంటూనే తన ఉల్లిపాయ ప్రశ్న వేసింది. ఆయన నవ్వలేదు. వాసన మోసే నరం వేరు, మంటా ఘాటూ చలవా మోసే నరం వేరు అని కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. జలుబు మొదటిదాన్ని దెబ్బతీసింది, రెండోది బాగానే ఉంది. ఉల్లిపాయ నుంచి లేచే ఆవిరి కంటిని మండిస్తుంది, ఆ మంటను కడగడానికి నీళ్ళొస్తాయి. దానికి వాసనతో పని లేదు. కూర రుచి అని మనం అనుకునేదాంట్లో చాలాభాగం నిజానికి వాసనేనట. నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటి నాలుగైదు మాత్రమే.

"మళ్ళీ వస్తాదా బాబూ?" అంది అక్క.

"రావచ్చమ్మా. నెలలు పట్టొచ్చు. రాకపోవచ్చు కూడా. ఏవైనా నాలుగు వస్తువులు తీసుకుని, రోజూ ఉదయం, సాయంత్రం వాటినే మనసు పెట్టి వాసన చూడండి."

మా నాలుగు డబ్బాలకూ నేను డైరీలో నాలుగు గడులు గీశాను. అన్నిటిలోనూ సున్నాలు పడుతూ వచ్చాయి.

ఒక సాయంత్రం ఆ లెక్క కోసమే వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. ఇల్లంతా గ్యాసు కంపు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. అక్క దేవుడి గూటి ముందు దీపం పెట్టబోతోంది. చేతిలో అగ్గిపెట్టె. వెళ్ళి అగ్గిపెట్టె లాక్కున్నాను. రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చుల జోలికి పోకుండా అక్కను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చేశాను.

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, వంటగ్యాసుకు అసలు వాసనే ఉండదని, లీకైతే మనుషులకు తెలియడానికి కావాలనే కంపు కలుపుతారని చెప్పాను.

"మరి నాలాటోళ్ళకి ఏటి కలుపుతారు?" అంది అక్క.

"అక్కా, గుంటకి నువ్వైనా సెప్పు, లేకపోతే నేనైనా సెప్తాను" అన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా నా ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. తనే చెప్పింది. పప్పు సంగతి, అగ్గిపెట్టె సంగతి, ఏదీ దాచలేదు.

కూతురు మర్నాడు మొదటి బస్సుకే దిగింది. వచ్చీ రాగానే అల్మారా తెరిచి చీరలు తీయడం మొదలుపెట్టింది.

"ఇంక నీ మాటేటీ వినను. పద."

"వంట మానేస్తే వస్తాదేటే నా ముక్కు?"

"వంట మానెయ్యమన్నానా? బతికుండమన్నాను." ఆ మాట అనేసి ఏడ్చేసింది. "మావయ్యా, నువ్వు కూడా ఇన్నాళ్ళూ దాచేవు. నువ్వు ఎప్పుడూ ఆవిడ పార్టీయే."

నిజమే. తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకుని, ప్రమాదం వంటలో లేదు, గ్యాసులో ఉంది, కరెంటు పొయ్యి పెట్టి చూద్దాం అన్నాను. ఇండక్షన్ పొయ్యికి మంట ఉండదు. టైము పెడితే తనే ఆగిపోతుంది. కూతురు ముక్కు చీదుకుని, బజారుకెళ్ళి ఒకటి కొనుక్కొచ్చింది. "మూడు రోజులు ఉండి సూస్తాను. ఒక్కసారి తేడా వచ్చినా బట్టలు సర్దేయడమే."

"గిన్నె వేడెక్కుతాది గానీ పొయ్యిలో మంట ఉండదా? ఇదేటి సోద్యం!" అంది అక్క. అయస్కాంతం అతుక్కునే గిన్నెలోనే వేడి పుడుతుంది, మిగతావాటిలో పుట్టదు అన్నాను. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తీసుకుని ముగ్గురం గిన్నెలన్నీ నేలమీద పరిచి కూర్చున్నాం. అన్నం వండే సత్తు డేగిసాకి అయస్కాంతం అతుక్కోకుండా జారిపోయింది. బావ కొన్న ఇత్తడి గిన్నె, జారిపోయింది. చారు కాచుకునే సత్తు గిన్నె కూడా అంతే. ఒక్కొక్కటి పక్కకు పెడుతున్నప్పుడు అక్క దాన్ని ఒకసారి చేత్తో తుడిచింది. చివరకు నిలిచినవి రెండు స్టీలు గిన్నెలు, ఒక ఇనప పెనం.

"సాలు" అంది అక్క. "ఒక్కదానికి ఇన్నెందుకు?"

మూడు రోజులూ అక్క టైము పెట్టుకుని వండింది. కూతురు వెనకే నిలబడి చూసింది. మొదటిరోజు పప్పు ఉడకలేదు. రెండోరోజు కుదిరింది. మూడోరోజు కూతురు కావాలనే పాలగిన్నె పెట్టి, చెప్పకుండా పెరట్లోకి వెళ్ళింది. అక్క టైము చూసి, నొక్కి, ఆపేసింది. కిటికీలోంచి అది చూసిన పిల్ల బట్టలు ఆరేయడంలో పడింది.

సున్నాల సంగతికొస్తే, ఈ మధ్య లవంగం గడిలో రెండుసార్లు "ఏదో ఉంది" అని రాశాను. ఖాళీ డబ్బా కూడా మధ్యలో పెట్టి చూశాను. దానికి "ఏటీ లేదు" అంది.

కూతురు వెళ్ళేరోజు నేనూ అక్కా బస్టాండు దాకా వెళ్ళాం. బస్సు ఎక్కే ముందు చిల్లర కోసం ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగు తెరిచింది. లోపల గ్యాసు రెగ్యులేటరు ఉంది.

"ఇదేటే?"

"నేను లేనప్పుడు పాత డేగిసా మీద మనసు పోతాది నీకు. అందుకని."

అక్క ఆ రెగ్యులేటరు వైపు, కూతురి వైపు చూసింది. "నన్ను తీసుకెళ్దామని వచ్చేవు. దాన్ని తీసుకెళ్తన్నావు."

"ఈసారికి దాన్ని" అంది కూతురు. బస్సు కదిలేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.