మా మేడం గ్లియా కణాలు

మేడం ఇక లేరని ల్యాబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను మదీనాగూడ ట్రాఫిక్‌లో ఉన్నాను. గచ్చిబౌలిలోని మా పరిశోధనశాలలో నాకు మైక్రోస్కోపు చూడటం నేర్పింది ఆవిడే. స్కూటర్ పక్కకు ఆపి ఏడ్చాను.

పండ్ల ఈగ మెదడులోని గ్లియా కణాలే ఆవిడ లోకం. న్యూరాన్లను చుట్టుకుని వాటి బాగోగులు చూసే కణాలవి. కొన్ని పలుచని పొరలా పరుచుకుంటాయి, కొన్ని వలలా అల్లుకుంటాయి, కొన్ని పొదలా కొమ్మలు వేస్తాయి. గ్లియా అన్న పేరుకు అర్థం జిగురే అయినా, వాటిని ఎవరైనా ఉత్త జిగురు అంటే మేడంకి ఒళ్లు మండేది. "అందరు న్యూరాన్ల ఫొటోలే పెడతరు. వీటి మొఖం చూసెటోడు లేడు" అనేవారు. ముందు కణాన్ని పెన్సిల్‌తో గీయాలి. గీయకుండా జన్యువుల డేటా తెరిస్తే వచ్చి ల్యాప్‌టాప్ మూసేసేవారు.

ఒకసారి ఆ డేటాలో, రూపంలో పొంతనే లేని కణాల్లో దాదాపు అవే జన్యువులు పనిచేస్తూ కనిపించాయి. ఎక్కడో తప్పు చేశానని కంగారుపడ్డాను. మేడం నవ్వారు. "పరేషాన్ గాకు. దొరికిన జాగాను బట్టి ఒళ్లు సర్దుకున్నయి, గంతే. రూపం చూసి వేరే రకమని పేరు పెట్టకు." ఆరోజు అందరికీ చాయ్ తెప్పించి, తన కప్పు మాత్రం ఎప్పటిలాగే మరిచిపోయారు.

సంతాప సభకు ఫ్లెక్సీ చేయించే పని నేనే తీసుకున్నాను. మేడం ఫొటో వెనక, పచ్చగా మెరిసే ఈగ మెదడు బొమ్మ పెట్టాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మైకు ముందు నిలబడి, చూడటం మేడం దగ్గరే నేర్చుకున్నానని గొప్పగా చెబుతూ వెనక్కి తిరిగాను. అవన్నీ న్యూరాన్లు. ఒక్క గ్లియా కణానికీ రంగు వేయని బొమ్మ అది. సిగ్గుతో మాట మధ్యలోనే ఆపేశాను. దుఃఖమనుకుని ఎవరో నీళ్లిచ్చారు. నోరు మూసుకుని తాగాను, అందుకు ఇంకా సిగ్గుపడుతున్నాను.

సభ అయ్యాక మేడం కూతురు నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ ఫ్లెక్సీ మాకిస్తరా? అమ్మ కణాలు ఎట్లుంటయో ఎన్నడూ చూడలే. ఇంట్ల పెట్టుకుంటం."

ఇచ్చేసి ఊరుకుంటే ఆమెకు ఎప్పటికీ తెలియదు. తలెత్తలేకపోయాను.

"ఇవి మేడంవి కావు చెల్లె. నేనే తప్పు బొమ్మ పెట్టిన."

"మరి అమ్మవి ఏవి?"

"ఉన్నయి. రంగు వేస్తెనే కనిపిస్తయి, వీటికి వెయ్యలేదు. ఈ పచ్చటి వాటి నడుమ నల్లగ కనిపిస్తున్నది చూడు, అండ్లనే ఉన్నయి."

ఆమె ఫ్లెక్సీ దగ్గరికి నడిచింది. పచ్చటి కొమ్మలను వదిలేసి, వాటి మధ్య నలుపు మీద అరచేయి ఆనించి అలాగే నిలబడింది.