ఎర్రబూట్ల గంగరత్నం

రేపల్లె స్టేషనులో తెల్లవారుజాము పాసింజరు ఎక్కేముందు గంగరత్నం రోజూ ఒక పని చేసేది. నెత్తిన చేపలగంప ఉండగానే, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, మోకాళ్ళు వంచి, రెండో చేత్తో రైలుపెట్టె మెట్టును తాకి కళ్ళకద్దుకునేది. గంప ఒక్క బెత్తెడు కూడా ఒరిగేది కాదు. లోపలికి వెళ్ళాక తలుపు పక్కన తడిపిన గోనెపట్టా పరిచి, గంప దించి, కొంగుముడిలోంచి చిటికెడు పసుపు తీసి చుట్టూ చల్లేది. చేపనీళ్ళు ఎవరి కాళ్ళకిందికీ పోకూడదని గోనె. వాసన ఎవరినీ బాధపెట్టకూడదని పసుపు.

"పసుపు చల్లితే నీచువాసన పోద్దా రత్నం?" అని పాలక్యానుల వాళ్ళు ఆటపట్టించేవారు.

"పోదు బాబాయ్. మనకి ఆలోచన ఉందని నలుగురికీ తెలుస్తది" అనేది ఆమె.

ఎనభయ్యో దశకం అది. ఆ బండిలో ఎవరి చోటు వాళ్ళకుండేది. భట్టిప్రోలులో మల్లెపూల బుట్టలు, వేమూరులో కూరగాయల మూటలు ఎక్కేవి. ఒకరి మూట ఇంకొకరు అందుకునేవారు. పేరు అడిగేవారు కాదు, "అక్కా", "బాబాయ్" అంటే సరిపోయేది. గంగరత్నం గంపకు ఎదురుగా కిటికీ పక్కన వేదవతి టీచరు కూర్చునేది. రేపల్లెలో అర్చకులింటి కోడలు, తెనాలిలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. ఒక వానాకాలం ఆమె చెప్పు తెగి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోతే, గంగరత్నం వలదారంతో కుట్టి ఇచ్చింది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ స్నేహం. టీచరు చేపలు తినదు, గంగరత్నం ఆమె టిఫిన్ డబ్బా ముట్టుకోదు. కానీ తెనాలి చేరేదాకా కబుర్లు మాత్రం ఆగేవి కావు.

గంగరత్నం పుట్టిల్లు నిజాంపట్నం వైపు సముద్రపు ఒడ్డున. మెట్టినిల్లు పెనుమూడి, కృష్ణ ఒడ్డున. భర్త రాఘవులు ఏటిలో పడవ వేసేవాడు. నడక రాకముందే ఈత వచ్చిన మనిషి ఆమె. అందుకే ఒక కార్తీక పున్నమినాడు జరిగింది ఆమె మనసును అంతగా పట్టుకుంది.

ఆ పున్నమికి ఆమె కూడా సూర్యలంక సముద్రస్నానానికి వెళ్ళింది. తెల్లవారకుండానే ఒడ్డంతా జనం. అరటిదొప్పల్లో దీపాలు, గోవిందనామాలు. పెద్దావిడ ఒకామె మూడో మునక మునుగుతుండగా అల లాగేసింది. సేవకు నిలబడ్డ కుర్రవాళ్ళు పరిగెత్తారు. "చెయ్యివ్వమ్మా! చెయ్యివ్వమ్మా!" అని అరిచారు. ఆమె చెయ్యివ్వలేదు. రెండు చేతులతోనూ పమిట పట్టుకుంది. పరాయి మగపిల్లలు, వాళ్ళకీ ఆమె ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి బెరుకు. ఆ బెరుకులోనే రెండు అలలు వచ్చి పోయాయి. గంగరత్నం చూసి దూకింది గానీ, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంది. చేరేసరికి ఆలస్యమైపోయింది. ఒడ్డున పడుకోబెట్టాక కూడా ఆ పెద్దావిడ చేతులు పమిట మీదే ఉన్నాయి.

ఆ ఏడాదంతా గంగరత్నం దీపం పెట్టేటప్పుడు ముఖం తెలియని ఆ తల్లికి కూడా ఒక దణ్ణం పెట్టేది. "ఆడమనిషి చెయ్యి అయితే పట్టుకునేదండి" అని టీచరుతో ఎన్నిసార్లు అందో.

అందువల్లనే బడికి ఆ కరపత్రం వచ్చిన రోజు వేదవతి టీచరు బండి కదలకముందే పిలిచింది.

"రత్నం, ఇటు రా. బాపట్లలో యువజన సంఘం వాళ్ళు దసరా వెళ్ళాక ఓర్పు పందెం పెడుతున్నారు. ఈసారి ఆడవాళ్ళకీ ఉందట. దాన్ని పూర్తిచేసిన వాళ్ళలోంచి కార్తీక పున్నమికి ఆడవాళ్ళ స్నానాల దగ్గర కాపలా నిలబెడతారట."

గంగరత్నం గంప వదిలేసి వచ్చి నిలబడింది. "చదవండి. మొత్తం చదవండి."

టీచరు చదివింది. పందెం బాపట్ల నుంచి సూర్యలంక ఒడ్డు దాకా. దారిలో చెక్కగోడ ఎక్కాలి, తాడువల కింద పాకాలి, కాలువ బురద దాటాలి, సరుగుడు తోటలో ఇసుకబస్తా భుజాన మొయ్యాలి, చివర సముద్రపునీళ్ళు చేరే ఉప్పుకయ్య ఈదాలి. చీర పనికిరాదు, పైజామా, పొడుగు చొక్కా వేసుకోవాలి. కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. మెడలో ఈల. నడుముకు తాడు.

"తాడు మనింట్లోదే. ఈల తిరణాల్లో దొరుకుద్ది. పైజామా మా మావది ఉంది" అని వేళ్ళు ముడిచింది గంగరత్నం. "బూట్లేనండి. పుట్టి బుద్ధెరిగి కాలికి చెప్పు కూడా తొడగలేదు."

తెనాలిలో గంప ఖాళీ అయ్యాక టీచరు బడి వదిలేదాకా ఆగి, ఇద్దరూ కలిసి బూట్ల కొట్టుకు వెళ్ళారు. ఆడవాళ్ళ జోళ్ళు ఒక్కటీ పట్టలేదు. ఇసుకలో పరుచుకుపోయిన పాదం అది. చివరికి కొట్టు ఆయన మగవాళ్ళ జత తెచ్చి, కిందకూర్చుని, తనే లేసులు కట్టి చూపించాడు. "ముడి ఇలా వెయ్యమ్మా, ఊడదు" అన్నాడు. గంగరత్నం నవ్వేసింది. "ముడులు మాకు నేర్పకండి బాబూ, మేం వలలోళ్ళం."

ఆ సాయంత్రం నుంచి పెనుమూడి కరకట్ట మీద పరుగు మొదలైంది. భర్త పైజామా, చొక్కా తొడుక్కుని ఆమె కట్టమీద పరుగెత్తుతుంటే, కిందనించి పడవలో తెడ్డు వేస్తూ అతను వెంట వచ్చేవాడు. "కాళ్ళెత్తవే! గంప దించేశావ్, ఇంకా గంప ఉన్నట్టే నడుస్తావేంటి?" అని అరిచేవాడు. రేవులో అంట్లు తోముకునే ఆడవాళ్ళు, "రాఘవులూ, నీ పైజామా పారిపోతంది, పట్టుకోవయ్యా!" అని ఎకసెక్కం ఆడేవారు. మొదట ఆమె సిగ్గుపడ్డా, వారం తిరిగేసరికి వాళ్ళే చెంబుతో నీళ్ళు పట్టుకుని కట్టమీద నిలబడేవారు. ఆ సాయంత్రాలు తలచుకుంటే ఇప్పటికీ ఆ రేవులో పెద్దవాళ్ళ ముఖాలు వెలుగుతాయి.

కొత్త బూట్లు మాత్రం ఆమె బయటికి తియ్యలేదు. దేవుడి అరుగు మీద అట్టపెట్టెలోనే ఉంచింది. పందానికి నాలుగు రోజులుందనగా అత్తగారు ఆ పెట్టె మూత తీసి చూసింది.

"ఇయ్యి ఉప్పునీళ్ళలోకి దిగుతాయంటనా?"

"అవునత్తా. చివర ఉప్పుకయ్య ఉంది."

"మరి పచ్చిగానే దింపుతావా? నూలుగుడ్డ గదే!"

గంగరత్నం నాలిక కరుచుకుంది. ఆ ఇంట్లో పచ్చినూలు ఏనాడూ ఉప్పునీళ్ళు చూడలేదు. నైలాను వలలు వచ్చినా, పాత నూలువలనీ, తాళ్ళనీ, తెరచాప గుడ్డనీ అత్తగారు తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి, ఆరబెట్టి, పసుపుబొట్టు పెట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టాకే నీళ్ళకు ఇచ్చేది. ఆ కషాయం పట్టించకపోతే గుడ్డ చివికిపోవడమే కాదు, తల్లికి మర్యాద తప్పినట్టు.

అత్తాకోడళ్ళు శ్రద్ధగా కషాయం కాచారు. అడుగున రబ్బరు ఊడుతుందేమోనని బాగా చల్లార్చారు. రాత్రంతా బూట్లు నాననిచ్చి, పొద్దున్నే తీసి ఆరేశారు. మధ్యాహ్నానికి అవి పాతవలలా ముదురు గోధుమరంగుకు తిరిగాయి. బొట్టుపెట్టి, హారతి ఇచ్చి, ఇద్దరూ తృప్తిగా చూసుకున్నారు. సాయంత్రం రాఘవులు వచ్చాడు.

"ఇయ్యెవరియే?"

"నాయే మావా. పట్టించాం."

"టీచరమ్మగారు ఏం చదివారే? తెల్లబూట్లనలేదూ?"

గంగరత్నం చేతిలో గిన్నె కింద పడింది. అత్తగారు మాత్రం తొణకలేదు. "దానికేముంది, సున్నం కొడితే తెల్లగా అవ్వవూ? గోడలకు కొట్టట్లేదూ?" అంది. సున్నం కలిపి దట్టంగా రాశారు. తెల్లగా మెరిశాయి. పడుకుని లేచి చూద్దురు గదా, తుమ్మచెక్కకు సున్నం తగిలి, కాచూ సున్నమూ కలిసిన నోరులా బూట్లు రెండూ ఎర్రగా పండి కూర్చున్నాయి.

రాఘవులు పడీ పడీ నవ్వాడు. "బూట్లు తాంబూలం ఏసుకున్నాయే!"

గంగరత్నం నవ్వలేదు. గుమ్మంలో కూలబడి, "నీళ్ళలోకి దిగనివ్వరు మావా. ఈ ఏడు ఒడ్డునే నిలబడాల" అంది. అతను నవ్వు ఆపేశాడు. అత్తగారు ఆ బూట్లను మూడు నీళ్ళల్లో ఉతికింది. రంగు ఇంకా మెరుగెక్కింది. కొత్తవి కొనడానికి గంగరత్నం మళ్ళీ తెనాలి కొట్టుకు వెళ్ళింది గానీ, ఆ సైజు జత అదొక్కటేనని కొట్టాయన నొచ్చుకున్నాడు. వేదవతి టీచరు కాలేజీనాటి తన తెల్లబూట్లు వెతికి తెచ్చింది. గంగరత్నం పాదం సగం కూడా పట్టలేదు.

"ఆ ఎర్రవే వేసుకుని రా. నేనూ వస్తాను. అడిగితే ఉన్నమాట చెబుదాం" అంది టీచరు.

ఆదివారం పొద్దున్న బాపట్ల మైదానంలో జగన్నాథం మాస్టారు వరసగా ఒక్కొక్కరి ఈల, తాడు, బూట్లు చూస్తూ వచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, తెల్లటి చొక్కా, పక్కన సంచిలో తమలపాకుల డబ్బా. గంగరత్నం ముందుకొచ్చి ఆగిపోయాడు.

"తెల్లబూట్లని రాశాం కదమ్మా."

"తెల్లవే కొన్నానండి."

"మరి ఇవేంటి?"

"తుమ్మచెక్క పట్టించామండి. ఉప్పునీళ్ళకు చివికిపోకుండా. తర్వాత తెల్లగా అవ్వాలని సున్నం కొట్టామండి."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. తమలపాకుల మనిషి కదా, వెంటనే అర్థమైపోయింది. నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పందానికి వచ్చిన కాలేజీ అమ్మాయిలు కూడా కిలకిలలాడారు. గంగరత్నం తల దించుకుని నిలబడింది. అది చూసి ఆయన గొంతు మార్చాడు.

"ఎందుకు వచ్చావమ్మా పందానికి?"

ఆమె చెప్పింది. పున్నమి, పెద్దావిడ, పమిట పట్టుకున్న చేతులు. రెండు మాటల్లోనే చెప్పింది. వేదవతి టీచరు పక్కనుంచి ఏదో అనబోతే, మాస్టారు చెయ్యి ఎత్తి వారించాడు.

"చూడమ్మా, రూలు అందరికీ ఒకటే. ఒకరికి సడలిస్తే రెండోవారికి అన్యాయం. బహుమతి వరసలో నీ పేరు రాయను. పరుగెత్తు. పొద్దుగూకేలోపు ఒడ్డు చేరితే, కాపలాకు పెట్టే నీళ్ళ పరీక్షకు పిలుస్తాను. నీళ్ళకు బూట్ల రంగుతో పనిలేదు."

"చాలండి" అంది గంగరత్నం. వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, "ఆ వంగేది తాడువల కింద వంగు" అన్నాడు.

గోడ ఆమెకు కష్టం కాలేదు. తాడువల ఇంటిదే అనిపించింది. అసలు చిక్కు సరుగుడు తోటలో వచ్చింది. ఇసుకబస్తా ఎత్తగానే, ముప్ఫై ఏళ్ళ అలవాటు, అది తిన్నగా నెత్తిమీదికి పోయింది. ఈల మోగింది. "భుజం మీదమ్మా! తల మీద కాదు! మళ్ళీ మొదటికి రా!" వెనక్కి వచ్చి భుజాన వేసుకుంది. సగం దూరం పోయేసరికి, తెలియకుండానే బస్తా మళ్ళీ నెత్తికెక్కింది. మళ్ళీ ఈల. ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. మూడోసారి ఆమె రామనామంలా "భుజం, భుజం" అని పైకే అనుకుంటూ నడిచింది. పక్కనే ఉన్న సంఘం కుర్రాడు నవ్వుతూనే తనూ "భుజం పిన్నీ, భుజం" అంటూ తోట చివరిదాకా తోడు నడిచాడు.

అప్పటికి బూట్లు మడమలు కొరికేశాయి. ఉప్పుకయ్యలో దిగితే పుండ్లమీద కారం చల్లినట్టయింది. అయినా నీళ్ళు తగలగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. చీర లేని కాళ్ళు ఎంత తేలిగ్గా ఆడతాయో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఒడ్డుకు చేరేసరికి అందరూ పులిహోర తినేసి, చేతులు కడుక్కున్నారు. పొద్దు సరుగుడు చెట్ల వెనక్కి దిగుతోంది. జగన్నాథం మాస్టారు ఒక్కడే జెండా పట్టుకుని ఇసుకలో నిలబడి ఉన్నాడు. వేదవతి టీచరు పులిహోర పొట్లం కొంగుకింద దాచి పట్టుకుంది.

"ఆఖరు" అన్నాడు మాస్టారు. "కానీ చేరావు."

ఆమె ఇసుకలో కూర్చుని పొట్లం విప్పుకుంటుండగా ఆయనే నీళ్ళ పరీక్ష సంగతి చెప్పాడు. వచ్చే ఆదివారం. మెడలోతు నీళ్ళలోంచి ఒక ఆడమనిషిని ఒడ్డుకు చేర్చాలి. ఎవరికి వారే మనిషిని తెచ్చుకోవాలి. ఒకటే షరతు: ఆ మనిషికి ఈత రాకూడదు. ఈత వచ్చినవాళ్ళు తమకు తామే తేలిపోతారు; భయపడి గింజుకునేవాళ్ళను పట్టుకుంటేనే పరీక్ష.

ఆ రాత్రి పెనుమూడిలో ఇల్లిల్లూ లెక్కవేశారు. ఆడవాళ్ళందరూ ఈతగత్తెలే. "మన రేవులో ఈత రానిది మీ అత్త మేకొక్కటేనే" అన్నాడు రాఘవులు. ఈసారి గంగరత్నం కూడా నవ్వింది.

సోమవారం పొద్దున్న పాసింజరులో ఆమె కుంటుకుంటూనే గంప దించింది. ఎప్పటిలా గోనె దగ్గర కూర్చోలేదు. కిటికీ పక్కకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. వేదవతి టీచరు పుస్తకం మూసి చూసింది.

"ఏంటి రత్నం? కాళ్ళు నొప్పా?"

"కాదండి. తమరికి ఈత వచ్చాండి?"

"నాకా? పుష్కరాల్లో కూడా మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్న మనిషిని."

గంగరత్నం ముఖం విప్పారింది. కొంగు సర్దుకుని, కాస్త వంగి, పక్కవాళ్ళకు వినపడకుండా అడిగింది.

"అయితే ఒక ఉపకారం చెయ్యాలండి. వచ్చే ఆదివారం సూర్యలంకలో నాకోసం ఒక్కసారి మునగాలండి."