తడిసినా కుంచించుకోని మేజోళ్ళు

ముప్పై ఏళ్ళు చీరల అంగడిలో బతికినవాణ్ణి, నా కాలికి నేను కొనుక్కున్న మొదటి గుడ్డలోనే బోల్తా పడ్డాను. పడదోసింది ఇంకెవరో అని చెప్పుకోవడానికి చాలాకాలం ప్రయత్నించాను గానీ కుదరలేదు. సీలు వేసిన పొట్లాన్ని పైనుంచి తడిమి, బాగుందని తలూపి, కాలికంటే రెండు సైజులు పెద్దది మోసుకొచ్చిన పెద్దమనిషిని నేనే.

తొంభైల చివరి మాట. బళేపేటలో ఒక ఇరుకు సందులో మా అంగడి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద పొద్దున పదింటికి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రాత్రి ఎనిమిదింటికి లేచేవాణ్ణి. మధ్యలో భోజనానికి ఒకసారి, తప్పనిసరి పనికి రెండుమూడుసార్లు. షుగర్ వచ్చాక ఆ తప్పనిసరి కాస్త ఎక్కువైంది. కొనేవాళ్ళు ఎదురుగా కూర్చుంటారు. నేను మడత విప్పి చీరను విసురుతాను. అది వాళ్ళ మోకాళ్ళ దగ్గర అంచు పైకి తేలేట్టు పడాలి. ఆ విసురు అందరికీ రాదు. నాకు వచ్చు. నాకు వచ్చినవి అంతకు మించి పెద్దగా లేవు కూడా.

మొదట చీలమండలు ఉబ్బడం మొదలైంది. సాయంత్రానికి వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట తీరిగ్గా పూడేది. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి, మా అంగడిలో ఏ చీరకీ లేని డిజైను వేసుకున్నాయి. చీలమండ పైన లోపలివైపు చర్మం కాచుగడ్డ రంగుకు తిరిగింది. ఇక ఆ కాలు కుదురుగా ఉంటే ఒట్టు. కూర్చుంటే చీమలు, లేస్తే బరువు, పడుకుంటే దురద. ఒకరోజు ఆ దురద పడలేక గోకాను. కందిబేడంత గీరుడు పడి, అది మానలేదు. రెండు వారాల్లో బొట్టుబిళ్ళంత పుండై నీరు కారడం మొదలుపెట్టింది.

ఆ నీరు పరుపు మీది దుప్పటికి అంటడం మా సావుకారు కంట పడింది. ఆయన మంచివాడు. అందుకే ఆయన మాట ఎక్కువ భయపెట్టింది.

"అప్పా, శ్రావణానికి ఇంకా రెండు నెలలుండాది. పెళ్ళిళ్ళ గిరాకీ వస్తే తెల్ల దుప్పటి మీద ఈ మరకలు చూసి ఎవురు కూర్చుంటారు? ఆ లోపల మానిపించుకో. మానకపోతే ఇంట్లో కూర్చో, నేనేమీ అనుకోను."

నేనేమీ అనుకోను అన్నాడంటే, నా చోటులో కూర్చోబెట్టేవాణ్ణి అప్పటికే అనుకున్నాడని అర్థం. ఆ పరుపు పోతే నేను ఏమిటి? చీర విసరడం వచ్చిన ఒక మనిషి, విసరడానికి చీర లేనివాడు.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. పరుగు అంటే ఆ కాలుతో ఎంత అవుతుందో అంత. ఆవిడ పాదం మీద వేలు పెట్టి నాడి వెతికింది. చేతికి బీపీ పట్టీ కట్టి కొలిచి, మళ్ళీ చీలమండకి కట్టి కొలిచింది.

"కిందికి పోయే రక్తం బాగానే పోతాంది. పోకుంటే నీకు ఈ మేజోళ్ళు రాసేదాన్ని కాదు, బిగిస్తే కాలుకే మోసం. పైకి రావాల్సిన రక్తమే సోమరిపోతై కిందే కూర్చున్యాది, నీ మాదిరే" అంది.

రాసినవి బిగుతు మేజోళ్ళు. మోకాలి కింది దాకా ఉండాలి. చీలమండ దగ్గర బాగా బిగుతు, పైకి పోయేకొద్దీ తక్కువ. పుండు మీద కట్టు, కట్టు మీద మేజోడు.

"పొద్దున్న లేస్తూనే, కాళ్ళు నేల మీద పెట్టకముందే కొలుచుకో. చీలమండ, పిక్క, మోకాలి కింది దాకా పొడవు. ఆ కొలతకి సరిపోయేదే తీసుకో" అని చెప్పి, చెప్పింది చీటీ మీద కూడా రాసింది. నా ముఖం చూస్తే రాసిచ్చినా చాలదనిపించిందేమో, కింద గీత కూడా గీసింది.

మరుసటి పొద్దు దాకా ఆగాలి. ఆగడం చేతనైతే నాకు ఆ పుండే అయ్యేది కాదు. ఆ సాయంత్రమే, రోజంతా ఉబ్బిన కాళ్ళతోనే, రెండు సందుల అవతల ఉన్న సర్జికల్ అంగడికి పోయాను. ఊతకర్రలు, నడుము పట్టీలు, ఒక చక్రాల కుర్చీ. ఆ కుర్చీని చూడకుండా లోపలికి పోయాను. అంగడాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే ఏం కావాలని కన్నడంలో అడిగాడు.

"ఏన్ బేకు?"

"బిగుతు మేజోళ్ళప్పా, కాళ్ళకి."

"సైజు?"

"కొంచెం విప్పి చూపించు, చూస్తాను."

"చూసేదానికి ఇదేమన్నా చీరనా? సీలు విప్పితే మీరే తీసుకోవాల్ల. మీడియమ్, లార్జ్, ఎక్స్‌ట్రా లార్జ్. అంతే."

"ఏమేమి రంగులుండాయి?"

"ఒగటే. చర్మం రంగు."

ఎవరి చర్మమో చెప్పలేదు. ఆ పొట్లం మీది రంగు మనిషిని బళేపేటలో నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడే నా ముప్పై ఏళ్ళ అనుభవం నా కొంప ముంచింది. జాకెట్టు గుడ్డ కొనే ప్రతి ఆడమనిషికీ నేను చెప్పే మాట ఒకటుంది: "బెత్తెడు ఎక్కువ తీసుకోండమ్మా, తడిస్తే కుంచించుకుంటాది." వేలమందికి చెప్పి చెప్పి, చివరికి నేను కూడా నమ్మాను. ఆ పూట నా కాలు చూస్తే లార్జ్‌లా ఉంది. తడిసి తగ్గేది కూడా కలుపుకుని ఎక్స్‌ట్రా లార్జ్ అడిగాను. ఆయన ఒక చేత్తో పేపరు పట్టుకుని రెండో చేత్తో ఇచ్చాడు.

ఇంట్లో మా ఆవిడ చీటీనీ పొట్లాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఆయమ్మ ఏం రాసింది, నువ్వేం తెచ్చినావు?"

"తడిస్తే సరిపోతాది."

"కొలిచినావా?"

"ముప్పై ఏళ్ళుగా కొలుస్తాండా. కన్నుతో చూస్తే చాలు."

తడిపాను. ఆరేశాను. నూలులాగా అది కుంచించుకోలేదు. రబ్బరు కలిపిన దారమది. దాని బుద్ధి సాగడమే. కాలుకు తొడిగితే హాయిగా ఎక్కింది. ఇంత హాయిగా ఎక్కేది బిగుతు మేజోడు ఎలా అవుతుందన్న అనుమానం నాకు రాలేదు. హాయిని అనుమానించే అలవాటు లేదు నాకు.

నాలుగు రోజులు వేసుకున్నాను. పొద్దున మోకాలి దగ్గర ఉన్నది మధ్యాహ్నానికి పిక్క దగ్గరికి, సాయంత్రానికి చీలమండ మీదికి దిగి మూడు మడతలై కూర్చునేది. షుగర్ వల్ల పాదాలు ఎప్పుడో మొద్దుబారాయి కాబట్టి ఆ మడతలు ఏం చేస్తున్నాయో నాకు తెలియలేదు. అయిదోరోజు మా ఆవిడ లాగి చూసింది. చీలమండ చుట్టూ తాడు కట్టి విప్పినట్టు గాడి పడి ఉంది. పాత పుండు పెద్దదైంది. దాని పక్కన కొత్తగా ఒక బొబ్బ లేచింది. జీవితమంతా మడతలు పెట్టి బతికినవాణ్ణి, మూడు మడతలకి దొరికిపోయాను.

మా ఆవిడ ఆ మేజోళ్ళను చుట్టి నా ఒళ్ళో పడేసింది.

ఆ మేజోళ్ళు పట్టుకుని సర్జికల్ అంగడికి పోయాను. కోపమంతా ఎవరిమీదైనా దించాలి కదా.

"వాడినవి వాపస్ లేదు" అన్నాడాయన, పేపర్లోంచే. "పెద్ద సైజు అడిగింది మీరే కదప్పా. నేనేమన్నా కాలు కొలిచినానా?"

"అదే అడుగుతాండా. యాల కొలవలేదు?"

"కొలవాల్లంటే మీరు కూర్చోవాల్ల, ప్యాంటు మడచాల్ల, నేను వంగాల్ల. ఇదెల్ల యారిగె బేకు?"

ఈ గోలంతా ఎవరికి కావాలన్నట్టు పేజీ తిప్పాడు. నా ముఖం మాత్రం చూడలేదు.

డాక్టరమ్మ చూసింది. కట్టు విప్పి మరీ చూసింది. "ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే ఎముక దాకా పోయేది" అని, రెండు వారాలు మేజోళ్ళు మానిపించి, కట్లు కట్టి, కాలు దిండ్ల మీద ఎత్తుకుని ఇంట్లో పడి ఉండమంది. నన్ను పడి ఉండమనడం అంటే ఈగను కూర్చోబెట్టడమే. దినాలు జారుతున్నాయి. గోడ మీది క్యాలెండరులో శ్రావణం రెండు కాగితాల కింద ఉంది. రోజుకు నాలుగుసార్లు ఆ కాగితాలు ఎత్తి చూసేవాణ్ణి, ఎత్తితే పలచబడతాయన్నట్టు. ఇంట్లో ఉన్న దుప్పట్లు, తువ్వాళ్ళు, మా ఆవిడ చీరలు అన్నీ దగ్గరికి లాక్కుని విప్పి మళ్ళీ మడతపెట్టేవాణ్ణి.

"కాలు కదపొద్దంటే చేతులతో ఊరంతా తిరగతాండావు" అనేది మా ఆవిడ. "ఆ అంగట్లో నువ్వు లేకపోతే చీరలు వాటంతట అవే విప్పుకుంటాయిలే, పడుకో."

అదే కదా నా భయం.

రెండు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున, నేను కాళ్ళు మంచం దింపకముందే ఆమె టైలరు టేపు పట్టుకుని వచ్చింది. చీలమండలో సన్నటి చోట ఒకటి, పిక్కలో లావుపాటి చోట ఒకటి, మడమ నుంచి మోకాలి కిందికి ఒకటి. రెండు కాళ్ళకీ వేరువేరుగా కొలిచి క్యాలెండరు అంచు మీద రాసింది. లోకాన్ని కొలిచినవాణ్ణి, నన్ను కొలుస్తుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా కాలు మీడియమ్ అని తేలింది.

ఈసారి కొనడానికి నన్ను పంపలేదు. ఆమే వేరే అంగడికి పోయి, కొలతలు చూపించి, వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న రకం తెచ్చింది. వేళ్ళు నల్లబడితే వెంటనే కనపడాలని డాక్టరమ్మ తెమ్మన్నది ఆ రకమే.

తొడగడం ఒక కుస్తీ. కాలికి పౌడరు చల్లి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, మేజోడును మడమ దాకా తిరగేసి, అంగుళం అంగుళం పైకి పాకించాలి, ముడత ఒక్కటి మిగలకుండా. పాము కుబుసం విడవడం విన్నాను. విడిచిన కుబుసంలోకి మళ్ళీ దూరడం నేనే చేశాను, రోజూ పొద్దున.

అలా అంగడికి పోతే సావుకారు గుమ్మంలోనే ఆపాడు.

"మేజోళ్ళేసుకొని పరుపెక్కుతావా? లక్ష్మి కూర్చునే చోటప్పా అది."

నేను కాలు ముందుకు చాపాను. "వేళ్ళు బయటే ఉండాయి సావుకారూ. కావాలంటే లెక్కపెట్టుకోండి."

ఆయన నిజంగానే వంగి చూశాడు. నవ్వాడు. గంటకోసారి లేచి సందు చివరిదాకా నడిచి వస్తానని చెప్పి ఎక్కాను. పుండు అంచుల నుంచి నెమ్మదిగా ముడుచుకుంటూ వచ్చి, శ్రావణంలో మొదటి శుక్రవారానికి మూసుకుంది. లేత గులాబీ చర్మం. ఏ పట్టుకీ ఆ రంగు రాదు.

పరుపు దక్కింది. రెండో శుక్రవారం, ఆ పరుపు మీదికే, సర్జికల్ అంగడాయన భార్యతో వచ్చాడు. కూతురి నిశ్చితార్థానికి చీర కావాలట. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఎన్నడూ చూడని ముఖాన్ని ఎలా గుర్తుపడతాడు? బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నేను విసరడం మొదలుపెట్టాను.

అడిగినవి వేశాను. అడగనివి వేశాను. అల్మారాలు అయిపోతే పైఅటక నుంచి పెట్టెలు దింపించాను. "ఇంకొకటి చూపించండన్నా" అంటుంది ఆమె. అంతకంటే తీయటి మాట నా చెవికి ఎన్నడూ తగల్లేదు. మధ్యలో గంటకోసారి లేచి సందు చివరిదాకా నడిచి వచ్చాను. ఆయనకు ఏ డాక్టరమ్మా అలా చెప్పలేదు పాపం. ఎడమకి వాలాడు, కుడికి వాలాడు, మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"ఇంకెంత సేపే? అన్నీ ఒగటే మాదిరి ఉండాయి."

"ఇదేమన్నా నీ అంగట్లో పొట్లమా, విప్పి చూడకనే తీసుకునేదానికి? ఊరికే కూర్చో" అంది ఆమె. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నం దాటాక, నేను విసిరిన రెండో చీరే తీసుకుంది. ఆయన లేవబోయి, కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి, స్తంభాన్ని వాటేసుకున్నాడు.

"అయ్యో, రక్తం కిందే కూర్చున్యట్లుండాదే" అని నా ప్యాంటు జానెడు పైకి ఎత్తి చూపించాను. "ఇట్లాంటివి వేసుకో అప్పా. అయితే కొలిచి కొనాల్ల. నువ్వు కూర్చోవాల్ల, ప్యాంటు మడచాల్ల, ఎవురో ఒకరు వంగాల్ల."

ఆయన నా కాలు చూశాడు. తర్వాత మొదటిసారి తలెత్తి నా ముఖం చూశాడు.

నేను చీరను ముడత లేకుండా మడిచి, కవరులో పెట్టి, టేపు అంటించి, ఆయన చేతికి ఇచ్చాను.

"సీలేసినానప్పా" అన్నాను. "వాపస్ లేదు."