ముత్తాతగారి మెడ వెనక కాలరు

మా తాతగారు పాలరాతిలో మనుషుల తలలు చెక్కేవారు. ఎక్కువగా దొరల తలలే చెక్కారని ఆయన మీద అభియోగం. స్వాతంత్ర్యం వచ్చాక ఊళ్ళో ఆయన్ని తెల్లవాళ్ళ తొత్తు అన్నారు. తర్వాత మేడ పోయింది, భూములు పోయాయి, ఆ మాట మాత్రం పోలేదు.

ఇంకొకటి కూడా మిగిలింది. తాతగారు తమ తండ్రిగారిదని చెప్పి ఇంట్లో పెట్టిన చిన్న పాలరాతి విగ్రహం. కొబ్బరి బోండమంత తల, తలపాగా, భుజాల మీద కండువా. అమెరికా వచ్చేటప్పుడు నా బట్టలు సగం వదిలేసి దాన్ని తువ్వాళ్ళలో చుట్టి తెచ్చాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్‌లో టీవీ పక్కన, గోడకు ఆనించి పెట్టాం. ఏటా మహాలయ అమావాస్యకు బొట్టు పెట్టి దండ వేస్తాం. నా ముక్కు అచ్చం ఆ ముక్కేనని మా అమ్మ మురిసిపోయేది.

కిందటి ఏడాది, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి ఫోన్ చేసింది. కళాచరిత్ర చదువుతోంది. తాతగారు నిజంగా తొత్తేనా అని తేలుస్తూ వ్యాసం రాస్తోందట. మా వంశానికి ఇన్నాళ్ళకు అప్పీలు దొరికిందనుకున్నాను.

ఆమె వచ్చిన రోజు ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని అరగంట మాట్లాడాను. తాతగారు దొరలకు పని చేశారే గాని వంగి దణ్ణం పెట్టలేదన్నాను. ముత్తాతగారైతే చచ్చేదాకా సీమగుడ్డ ఒంటికి తగలనివ్వలేదన్నాను. ఆమె అంతా రాసుకుంది. కాఫీ తెచ్చిన మా ఆవిడ, సీమగుడ్డ సంగతి ఇది రెండోసారి చెప్పడమని గుర్తుచేసింది.

తర్వాత ఆ అమ్మాయి విగ్రహాన్ని ఇటు తిప్పి ఫోన్ లైట్ వేసింది. దాని వెనకభాగం మాలో ఎవరమూ ఎన్నడూ పరీక్షగా చూడలేదు.

“అంకుల్, బ్యాక్‌లో కోట్ కాలర్ ఉంది.”

వంగి చూశాను. కండువా కింద కాలరు, దాని కుట్టుతో సహా. ఆమె ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించింది. కలెక్టరు కచేరీలో బల్ల మీద ఉండే దొరగారి విగ్రహం. నెత్తిన పెద్ద టోపీ. అదే ముక్కు. దొరలు పోయాక కచేరీవాళ్ళు పారేసిన ఆ రాయిని తాతగారు ఇంటికి తెచ్చుకుని, టోపీని తలపాగాగా, కోటును కండువాగా చెక్కేశారట.

ఆ ముక్క రాయకుండా ఉండగలవా అని అడిగాను.

“అదే బెస్ట్ పార్ట్ అంకుల్. దొర హెడ్ తీసుకుని వాళ్ళ నాన్నని చేశాడు. మీతో ఇన్ని ఇయర్స్ దండ వేయించాడు. తొత్తు అలా చేస్తాడా?”

రాయమన్నాను. పనితనం గురించి మాత్రం మొదటి పేరాలోనే రావాలన్నాను.

వ్యాసం వచ్చింది. తాతగారు తొత్తు కారని ఆమె తేల్చేసింది. పనితనం మూడో పేరాలో ఉంది.

ఈ ఏడు అమావాస్యకు మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని విగ్రహం ముందు ఆగింది.

“ఏమండీ, దొరగారికి బొట్టు పెట్టనా?”

“ముత్తాతగారికి పెట్టు,” అన్నాను.

పెట్టింది. దండ నేను వేశాను, కాలరు కనబడకుండా కాస్త వెనక్కి లాగి.